పైసలు ఎవరి దగ్గర ఉన్నాయో చూసి ఎంచుకోండి: మున్సిపాలిటీ, జడ్పీ, పంచాయతీ సిబ్బందికి పింఛను, వైద్యం పోలిక

పోయిన ఎండాకాలం ఒక పారిశుధ్య కార్మికురాలు మా పెన్షనర్ల సంఘం గదికి వచ్చింది. కొంగుముడి విప్పి, నాలుగు మడతల జీతం చీటీ తీసి బల్ల మీద పరిచింది. "సారూ, పదిహేనువేల ఆరువందలని చెప్పిన్రు. చేతికి పదమూడున్నరే వస్తుంది. ఈ నడుమ పైసలు ఏడికి పోతున్నయ్?" అని అడిగింది.

చీటీలో మూడు కోతలు ఉన్నాయి. పీఎఫ్ 1,800, ఈఎస్‌ఐ 117, వృత్తి పన్ను 150. పోగా మిగిలింది 13,533. వృత్తి పన్ను ప్రభుత్వానికి పోతుంది, అది వెనక్కి రాదు. 1,800 ఆమె పేరు మీదే జమ అవుతుంది, దానికి ఏజెన్సీ ఇంకో 1,800 కలపాలి. 117 ఆమెకు, ఇంట్లోవాళ్లకు ఆస్పత్రి కోసం. ఇదంతా చెప్తుంటే ఆమె ముఖం మారిపోయింది. ఎనిమిదేళ్లుగా కడుతున్న ఆస్పత్రి ఒకటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అంతకు ముందు ఏడాదే భర్త హెర్నియా ఆపరేషన్‌కు మిత్తికి నలభై వేలు తెచ్చిందట.

ముప్పై ఏళ్లు స్థానిక సంస్థల అకౌంట్స్ సెక్షన్లలో పనిచేశాను. ఎక్కువ కాలం పాలమూరు వైపు, చివర్లో నల్లగొండ. ఇక్కడ చెప్పే లెక్కలన్నీ తెలంగాణవే. ఆ అక్క అడిగిన ప్రశ్నే అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న అని ఇప్పుడు నా నమ్మకం. ఎంత శాతం ఇస్తారు, ఎన్ని లక్షల కవరేజీ అనేవి తర్వాత. ఆ డబ్బు ఇవాళ ఎవరి దగ్గర ఉంది, మనకు అవసరం పడ్డ రోజు ఎవరు సంతకం పెడితే చేతికొస్తుంది? ఈ రెండూ తెలిస్తే ఏది ఎంచుకోవాలో చాలామటుకు తేలిపోతుంది.

మీ జీతం ఏ పద్దులోంచి వస్తుంది?

ఒకే మున్సిపల్ ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్న ముగ్గురికి మూడు రకాల భద్రత ఉంటుంది. 2004 సెప్టెంబరు 1కి ముందు చేరిన రెగ్యులర్ ఉద్యోగికి పాత పింఛను. ఆ తర్వాత చేరినవారికి సీపీఎస్, అంటే ఉద్యోగి, ప్రభుత్వం ఇద్దరూ వాటా వేసే పింఛను. ఏజెన్సీ ద్వారా వచ్చిన కంప్యూటర్ ఆపరేటర్‌కు, డ్రైవర్‌కు, పారిశుధ్య కార్మికులకు పీఎఫ్, ఈఎస్‌ఐ. ఊళ్లో గ్రామ పంచాయతీ మల్టీపర్పస్ వర్కర్‌కు చాలాచోట్ల ఇవేవీ లేవు.

రెగ్యులర్ వాళ్ల జీతం 010 పద్దు కింద ట్రెజరీ నుంచి వస్తుంది. ఆ పద్దు కోసం ఉపాధ్యాయులు, మున్సిపల్ ఉద్యోగులు ఎన్నేళ్లు కొట్లాడారో మా తరానికి తెలుసు. అది రాకముందు మున్సిపాలిటీకి ఇంటిపన్ను వసూలైతేనే జీతం. ఔట్‌సోర్సింగ్ వాళ్లది ఇప్పటికీ ఆ దారే: సంస్థ సాధారణ నిధి నుంచి ఏజెన్సీకి, ఏజెన్సీ నుంచి కార్మికుడికి. పంచాయతీకి ఇంటిపన్ను, నల్లా బిల్లు తప్ప సొంత ఆదాయం పెద్దగా ఉండదు. కేంద్రం నుంచి ఆర్థిక సంఘం నిధులు వస్తాయి కదా అంటారు. కానీ 15వ ఆర్థిక సంఘం నిబంధనల్లో, ఏ పనికైనా వాడుకోవచ్చన్న భాగాన్ని సైతం జీతాలకు, సిబ్బంది ఖర్చులకు వాడకూడదని స్పష్టంగా రాశారు. మిగతా భాగం నీళ్లకు, పారిశుధ్యానికి కట్టుబడి ఉంటుంది. ఊరు ఊడ్చే చీపురు కొనడానికి డబ్బుంటుంది, ఊడ్చే మనిషి పీఎఫ్‌కు ఉండదు. సర్పంచులను తిట్టే ముందు ఈ లెక్క ఒకసారి చూడాలి.

పాత పింఛను ఉన్నవారికి: కమ్యుటేషన్ తీసుకోవాలా, వద్దా?

పాత పింఛను ప్రభుత్వం ఇచ్చిన మాట. మీ పేరు మీద ఎక్కడా నిధి ఉండదు. ఆ ఏడాది బడ్జెట్‌లోంచి ఆ ఏడాది పింఛన్లు ఇస్తారు. మాట అని తీసేయకండి. పింఛను దయాదాక్షిణ్యం కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏటా అదే రోజున మనం పెన్షనర్ల దినం జరుపుకుంటున్నాం. నెలనెలా పింఛను విషయంలో ఈ మాట గట్టిదే. ఒకేసారి రావాల్సిన గ్రాట్యుటీ (చేసిన సర్వీసుకు ఇచ్చే మొత్తం), కమ్యుటేషన్ (పింఛనులో కొంత ముందే అమ్మి తీసుకునే మొత్తం), లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ (మిగిలిన సెలవుల డబ్బు) దగ్గరే ఆలస్యం. 2021లో పదవీ విరమణ వయసు 58 నుంచి 61కి పెరగడంతో మూడేళ్లు విరమణలు దాదాపు ఆగిపోయాయి. 2024 వసంతం నుంచి ఒక్కసారిగా మొదలయ్యాయి. ఆ బిల్లులన్నీ ఒకే ట్రెజరీ గుమ్మం ముందు వరుస కట్టాయి.

అందుకే నా సలహా: పదవీ విరమణ నెలలోనే బిడ్డ పెళ్లి, ఇంటి స్లాబు పెట్టుకోకండి. ఒకేసారి వచ్చే డబ్బును ఏడాది తర్వాత వచ్చేదిగా లెక్క వేసుకోండి.

ఇక కమ్యుటేషన్. పింఛనులో 40 శాతం వరకు ముందే అమ్ముకోవచ్చు, 15 ఏళ్ల తర్వాత అది తిరిగి వస్తుంది. చివరి మూలవేతనం 60,000 అనుకుందాం. పూర్తి సర్వీసుకు పింఛను 30,000. అందులో 12,000 అమ్మితే నెలకు 18,000 మిగులుతుంది. పదిహేనేళ్లలో వదులుకునేది 21 లక్షల 60 వేలు. దానికి బదులు చేతికొచ్చేది మీ వయసుకు పట్టికలో ఉన్న గుణకాన్ని బట్టి ఉంటుంది. అప్పులాగే ఇందులోనూ మిత్తి ఉందన్నమాట. అయితే బ్యాంకు అప్పుకు లేని మూడు సుగుణాలు దీనికున్నాయి. కరువు భత్యం పూర్తి 30,000 మీదే లెక్కగడతారు. మధ్యలో మనిషి పోతే బాకీ కుటుంబం మీద పడదు. భార్యకు వచ్చే కుటుంబ పింఛను తగ్గదు.

కాబట్టి 12 శాతం, 14 శాతం మిత్తికి తెచ్చిన అప్పు నెత్తిన ఉన్నవాళ్లు, బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్లు నిస్సంకోచంగా తీసుకోండి. అప్పు లేక, ఆరోగ్యం బాగుండి, ఆ డబ్బును బ్యాంకులో ఫిక్స్‌డ్ వేద్దామనుకునేవాళ్లు తీసుకోకపోవడమే లాభం. పిల్లలు వ్యాపారం పెడతామని అడుగుతున్నారని తీసుకునేవాళ్లకు నేను వద్దనే చెప్తాను. ఈ మాటకు చాలా ఇళ్లలో నా మీద కోపాలున్నాయి.

జడ్పీ పీఎఫ్ ఖాతాను ఈ పక్కనే చూడాలి. పంచాయతీరాజ్ ఉపాధ్యాయులకు, జడ్పీ, మండల పరిషత్ సిబ్బందికి ఇది పొదుపు డబ్బా. 2020 ఏప్రిల్ నుంచి వడ్డీ 7.1 శాతం దగ్గరే ఉంది. పేరు మీ ఖాతా. డబ్బుండేది మాత్రం ట్రెజరీలో, బిల్లు పాసైతేనే చేతికొస్తుంది. అందుకే దీన్ని అత్యవసరానికి దాచిన డబ్బుగా లెక్కపెట్టుకోకండి. మూడు నాలుగు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో వేరుగా ఉంచుకుని, మిగిలిందే ఇందులో పెంచండి.

ఏడాది చీటీ వచ్చినప్పుడు ముగింపు నిల్వ చూసి జేబులో పెట్టుకుంటారు. నెలల వరుస చూడండి. మార్చి నుంచి ఫిబ్రవరి దాకా పన్నెండు గళ్లు, ఒక్కో గడిలో మీ కోత. ఏదైనా గడిలో సున్నా ఉంటే అది మిస్సింగ్ క్రెడిట్, అంటే కోసినా జమకాని నెల. ఒక విశ్రాంత హెడ్మాస్టరు చీటీలో పద్నాలుగేళ్ల కిందటి రెండు గళ్లు ఖాళీగా దొరికాయి. మండలం మారిన రెండు నెలలవి. అప్పటి కోతల షెడ్యూలు నకలు తెచ్చుకోవడానికి ఆయన పాత మండలం ఆఫీసు చుట్టూ ఆరు సార్లు తిరిగారు. 2016లో జిల్లాలు విడిపోయాక నల్లగొండ నుంచి సూర్యాపేటకు, పాలమూరు నుంచి వనపర్తికి, గద్వాలకు మారినవాళ్లు తమ ఖాతా ఇవాళ ఏ జడ్పీలో నడుస్తోందో చీటీ మీద పేరు చూసి ఖాయం చేసుకోవాలి.

సీపీఎస్ వాళ్లకు

ఇది మాట కాదు, మీ పేరు మీద ప్రాన్ నంబరుతో (మీ పింఛను ఖాతా నంబరు) నిజంగా ఉన్న డబ్బు. మూలవేతనం, కరువు భత్యం కలిపి మీది 10 శాతం, ప్రభుత్వానిది 10 శాతం. కేంద్రం తన ఉద్యోగులకు 2019 ఏప్రిల్ నుంచి 14 శాతం వేస్తోంది. డబ్బు కళ్లముందు ఉంది గానీ ముసలితనంలో నెలకు ఎంత వస్తుందో ఎవరూ చెప్పలేరు. 60 శాతం వరకు ఒకేసారి తీసుకోవచ్చు, కనీసం 40 శాతంతో యాన్యుటీ, అంటే బతికినన్నాళ్లు నెలనెలా డబ్బిచ్చే బీమా కంపెనీ పథకం, కొనాలి. నిధి 30 లక్షలైతే యాన్యుటీకి 12 లక్షలు. ఆరున్నర శాతం చొప్పున ఇస్తారనుకుంటే నెలకు 6,500. అది పెరగదు, కరువు భత్యం కలవదు. పక్క కుర్చీలోని పాత పింఛనుదారు 30,000తో మొదలై ఏటా పెరుగుతూ పోతాడు. ఈ తేడా చూసే కదా ధర్నాలు.

పాత పింఛనుకు తిరిగి వెళ్తామని రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, పంజాబ్, హిమాచల్ ప్రదేశ్ ప్రకటించాయి. కేంద్రం తన ఉద్యోగులకు 2025 ఏప్రిల్ 1 నుంచి యూపీఎస్ (ఏకీకృత పింఛను పథకం) తెచ్చింది: 25 ఏళ్ల సర్వీసుకు చివరి పన్నెండు నెలల సగటు మూలవేతనంలో సగం, పదేళ్లు చేస్తే కనీసం 10,000, కుటుంబానికి అందులో 60 శాతం. ఈ రెండూ మీ చేతిలో లేని ఎంపికలు. వాటి కోసం సంఘంతో నడవండి. మీ చేతిలో ఉన్నవాటిని మాత్రం వదిలేయకండి.

మొదటిది, ప్రాన్ ఖాతాను మూడు నెలలకోసారి తెరిచి రెండు వాటాలూ పడ్డాయో లేదో చూడండి. మీ కోత పడి ప్రభుత్వ వాటా పడకపోతే ఆ నెలే డీడీఓకు (జీతాల బిల్లు పెట్టే అధికారికి) రాతపూర్వకంగా ఇవ్వండి. ఆలస్యమైన నెలల రాబడిని తర్వాత ఎవరూ లెక్కగట్టి ఇవ్వరు. రెండోది, నామినీ. పెళ్లికి ముందు తల్లి పేరు రాసి మరిచిపోయినవాళ్లు ఎందరో. మూడోది, యాన్యుటీ రకం. మీ తర్వాత జీవిత భాగస్వామికి అదే మొత్తం వచ్చి, ఇద్దరి తర్వాత పెట్టుబడి పిల్లలకు తిరిగొచ్చే రకంలో నెల మొత్తం కాస్త తక్కువ ఉంటుంది. మీ ఒక్కరి జీవితకాలానికే ఇచ్చే రకంలో ఎక్కువ. ఆ ఎక్కువను చూసి మొగ్గకండి. భార్యకు వేరే ఆదాయం లేని ఇంట్లో మొదటి రకమే తీసుకోవాలి, దీనిలో నాకు రెండో ఆలోచన లేదు.

సర్వీసులో ఉండగా చనిపోయిన సీపీఎస్ ఉద్యోగి కుటుంబానికి కుటుంబ పింఛను ఇచ్చేలా 2021 పీఆర్సీతో (వేతన సవరణతో) ఉత్తర్వులు వచ్చాయి. ఈ సంగతి తెలియని కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ప్రాన్ డబ్బు డ్రా చేసే కాగితం మీద వెంటనే సంతకం పెట్టకండి. పింఛను తీసుకుంటే ఏది వదులుకోవాలో, డబ్బు తీసుకుంటే ఏది పోతుందో లెక్క రాసివ్వమని ఆఫీసును అడగండి. చిన్న వయసులో పిల్లలతో మిగిలిన భార్యకు దాదాపు ఎప్పుడూ నెలనెలా పింఛనే మేలు.

ఔట్‌సోర్సింగ్ వాళ్లకు: ఏజెన్సీ మారినప్పుడే అసలు పరీక్ష

ఆ అక్క దగ్గరికి మళ్లీ వద్దాం. ఆమె 1,800 మొత్తం పీఎఫ్‌కు పోతుంది. ఏజెన్సీ ఇచ్చే 1,800లో 1,250 పింఛను పథకానికి, 550 పీఎఫ్‌కు. అంటే నెలకు 2,350 పొదుపు, 8.25 శాతం వడ్డీ 2023-24, 2024-25 రెండేళ్లూ ప్రకటించారు. పేదవాడికి ఇంత వడ్డీ ఇచ్చే పెద్ద బ్యాంకు లేదు.

ఏజెన్సీ మారగానే "పాతది తీసేసుకో, కొత్తది మొదలుపెడదాం" అని చెప్పేవాళ్లు ఆఫీసు గేటు దగ్గరే ఉంటారు. ఫారాలు నింపి కమీషన్ తీసుకుంటారు. వాళ్ల మాట వినకండి. పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు కావాలి. పదేళ్లకు 15,000 జీతం మీద లెక్క: 15,000ను పదితో గుణించి 70తో భాగిస్తే నెలకు 2,142. ఇరవై ఏళ్లు నిండి 58కి దిగితే రెండేళ్లు అదనంగా కలుపుతారు, 4,714 వస్తుంది. నాలుగేళ్లకోసారి తీసేసుకుంటూ పోతే ఇరవై ఏళ్లు పనిచేసినా సున్నా. ఒకే యూఏఎన్ నంబరు (ఏజెన్సీ మారినా మారని పీఎఫ్ నంబరు) ఉంచుకుని, పాత ఖాతాను కొత్తదానికి మార్పించుకోవడమే పని. ఉద్యోగంలో ఉండగా చనిపోతే బీమా కింద 7 లక్షల వరకు కుటుంబానికి వస్తుంది. ఆ బీమాకు కార్మికుడు ఒక్క పైసా కట్టనక్కర్లేదు.

ఏజెన్సీ కోసి కట్టకపోతే? అది జరుగుతుంది. నేను చూసిన ఒక చోట ఏడు నెలలు కోశారు, కట్టలేదు. కాంట్రాక్టరు కట్టని పీఎఫ్‌కు అసలు యజమాని, అంటే పని చేయించుకున్న మున్సిపాలిటీ, బాధ్యత వహించాలని చట్టంలోనే ఉంది. "ఏజెన్సీని అడగండి" అని కమిషనర్ ఆఫీసు చెప్తే ఆ మాట దగ్గర ఆగిపోకండి. పాస్‌బుక్ ప్రింటు జతచేసి అర్జీ ఇవ్వండి, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి.

ఈఎస్‌ఐలో కార్మికుడిది 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకే. వైద్యంతో పాటు జబ్బు చేసి పని మానేస్తే ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం, ప్రసవానికి 26 వారాలు, పనిలో దెబ్బ తగిలితే 90 శాతం ఇస్తారు. జీతం నష్టాన్ని భర్తీ చేసే పథకం మన దగ్గర ఇదొక్కటే, అందుకే నాకు దీని మీద అంత గౌరవం. లోపం దూరం. నల్లగొండ నుంచైనా పాలమూరు నుంచైనా పెద్ద ఆపరేషన్‌కు హైదరాబాద్‌లోని సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆస్పత్రి దాకా వంద కిలోమీటర్ల ప్రయాణం.

ఇక్కడే ఒక గుంట ఉంది, చాలామంది అందులో పడుతున్నారు. 2021లో ఔట్‌సోర్సింగ్ వారికి నిర్ణయించిన మూడు జీతాలు 15,600, 19,500, 22,750. మూడో అంతస్తు ఎక్కితే 21,000 దాటి, నడుస్తున్న చందా కాలం ముగిశాక ఈఎస్‌ఐ పోతుంది. ఔట్‌సోర్సింగ్ కాబట్టి ఉద్యోగుల హెల్త్ కార్డు రాదు. ఏడాదికి 2 లక్షల 73 వేలు అవుతుంది కాబట్టి ఆహార భద్రత (రేషన్) కార్డుకు పట్టణంలో ఉన్న 2 లక్షల హద్దు దాటి ఆరోగ్యశ్రీ కూడా రాదు. జీతం పెరిగిందని మిఠాయి పంచితే, దాని వెనకే ఇంట్లో అందరికీ వైద్య రక్షణ పోయింది. ఈ జీతం తీసుకునే ఇంజినీరింగ్, కంప్యూటర్ సిబ్బంది ఆ నెలలోనే సొంత పాలసీ తీసుకోవాలి. వాయిదా వేయకండి.

పంచాయతీ కార్మికుడికి

నెలకు 9,500. పీఎఫ్ కోత కూడా లేదు. వయసు 18 నుంచి 40 లోపు ఉంటే అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన పింఛను పథకం శ్రమయోగి మాన్‌ధన్ మొదట చూడండి. 30 ఏళ్లవాడు నెలకు 105 కడితే కేంద్రం ఇంకో 105 కలుపుతుంది. 60 తర్వాత నెలకు 3,000, తర్వాత భార్యకు సగం. అటల్ పింఛనులో 5,000 రావాలంటే 30 ఏళ్లవాడు నెలకు 577 కట్టాలి. 9,500లో 577 తీయడం కష్టం, 105 తీయొచ్చు. కానీ మన ఊళ్లలో చీపురు పట్టినవాళ్లలో చాలామంది నలభై దాటినవాళ్లే. రెండు తలుపులూ వాళ్లకు మూసే ఉన్నాయి. వాళ్లకు మిగిలింది ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 50 లోపు చేరితే 436 రూపాయల జీవిత బీమా, ఒక్కోటి 2 లక్షలకు. ఊళ్లో ఉన్న పారిశుధ్య కుటుంబాల ప్రీమియం కట్టడానికి ఏ పంచాయతీకైనా సొంత ఆదాయం సరిపోతుంది. నా మాటగా చెప్పమంటే, సర్పంచ్ మొదటి తీర్మానం ఇదే కావాలి.

వైద్యం: ఏ కార్డు ఎక్కడ పనికొస్తుంది?

రెగ్యులర్ ఉద్యోగులకు, పింఛనుదారులకు హెల్త్ కార్డు 2014 చివర్లో వచ్చింది. నగదు లేకుండా వైద్యం అన్నారు. ప్యాకేజీ ధరలు తక్కువ, బకాయిలు రావడం ఆలస్యం, అందుకే పెద్ద కార్పొరేట్ ఆస్పత్రులు కార్డు చూపిస్తే బెడ్లు లేవంటాయి. ఉద్యోగి మూలవేతనంలో 1 శాతం, ప్రభుత్వం అంతే వేసి ట్రస్టు నడపాలని 2023 అక్టోబరులో ఉత్తర్వులు వచ్చాయి. ఈ ఆలోచన మంచిదని నా అభిప్రాయం. ఉచితం అన్న మాటకంటే నిధి ఉన్న ట్రస్టు మేలు. మన కోత వెళ్లే ట్రస్టు అయితే దాన్ని లెక్క అడగగలం.

కార్డు పనిచేయని చోట రీయింబర్స్‌మెంట్ ఉంది. ముందు మన జేబులోంచి కట్టి, తర్వాత బిల్లు పెట్టుకోవాలి. సాధారణంగా 2 లక్షల గరిష్ఠం, డిశ్చార్జి అయిన ఆరు నెలల లోపు పెట్టాలి. ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ (ఈ వైద్యం అవసరమైందని డాక్టరిచ్చే పత్రం), అత్యవసరంగా చేరితే ఎమర్జెన్సీ సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, అసలు బిల్లులు. ఆస్పత్రి గేటు దాటకముందే ఈ నాలుగూ సంతకాలతో చేతిలో ఉండాలి. మళ్లీ హైదరాబాద్ పోయి డాక్టరు సంతకం తెచ్చుకునే బాధ పడినవాళ్లను ఎందరినో చూశాను.

కాబట్టి రెగ్యులర్ వాళ్లకు నా లెక్క ఇది. కార్డునూ రీయింబర్స్‌మెంట్‌నూ నమ్ముకుంటూనే, యాభై దాటకముందే సొంత పాలసీ ఒకటి తీసుకోండి. ముందునుంచి ఉన్న జబ్బులకు కంపెనీలు మూడేళ్ల దాకా ఆగమంటాయి, ఆ మూడేళ్లు ఉద్యోగంలో ఉండగానే గడిచిపోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ తీసేశారు. ప్రీమియం భారమనుకుంటే 3 లక్షల పైన మాత్రమే ఇచ్చే టాప్-అప్ చూడండి, అది చాలా తక్కువకు వస్తుంది. షుగరు, బీపీ ఉన్న సంగతి దాచకండి. దాచిన పాలసీ క్లెయిమ్ రోజున కాగితం ముక్క.

ఈఎస్‌ఐ ఉన్నవారు రేషన్ కార్డు ఉంది కదా అని ఈఎస్‌ఐని నిర్లక్ష్యం చేయొద్దు. ఈఎస్‌ఐ లాంటి వేరే పథకం ఉన్నవారిని ఆరోగ్యశ్రీ మార్గదర్శకాలు పక్కన పెడతాయి. పైగా 15,600 జీతగాడు పట్టణంలో రేషన్ కార్డుకు అర్హుడే గానీ, లక్షన్నర హద్దు ఉన్న పల్లెలో కాదు. పంచాయతీ కార్మికుడికి మాత్రం ఆరోగ్యశ్రీయే కవచం. 2023 డిసెంబరు నుంచి 10 లక్షల దాకా ఉంది. నల్లగొండ, పాలమూరు, సూర్యాపేట మెడికల్ కాలేజీ ఆస్పత్రులు వచ్చాక మోకాలు, గర్భసంచి ఆపరేషన్లకు హైదరాబాద్ బస్సు ఎక్కాల్సిన పని తగ్గింది. ఆ కార్డులో కోడలి పేరు, మనవడి పేరు ఎక్కాయో లేదో ఇవాళే చూసుకోండి.

కుర్చీకి అటువైపు కూర్చున్నవారికి

కౌన్సిలర్లు, చైర్మన్లు, కమిషనర్లు కూడా ఈ ఎంపిక చేస్తారు. ఏటికేడు బడ్జెట్‌లోంచి ఇవ్వడం తేలిక, చేతిలో ఉన్నప్పుడు ఇస్తాం, లేనప్పుడు ఆపుతాం. అది ఎంత దూరం పోతుందో అమెరికాలోని డెట్రాయిట్ నగరం చూపించింది. 2013 జూలైలో దివాలా పిటిషన్ వేశాక అక్కడి పోలీసు, ఫైర్ కాని మున్సిపల్ పింఛనుదారులకు పింఛను 4.5 శాతం కోసేశారు, ధరల పెరుగుదల భత్యం ఆపేశారు, నగరం ఇచ్చే ఆరోగ్య బీమా పోయింది. రిటైరైనవాళ్ల వైద్యానికి ఇచ్చిన మాట విలువ ఎంతో లెక్కల్లో చూపించాలని అక్కడి అకౌంటింగ్ బోర్డు 2004లోనే నియమం పెట్టింది. చూపించడం వేరు, పక్కన పెట్టడం వేరు.

మనవి చిన్న సంస్థలు. దేవరకొండ, అచ్చంపేట స్థాయి పట్టణం తన సిబ్బంది వైద్యానికి తానే సొంత నిధి పెట్టుకుంటాననుకోవడం తప్పు. అరవై మందిలో ఒకరికి కిడ్నీ మార్పిడి వస్తే ఆ ఏడాది నిధి అయిపోతుంది. జబ్బు ఎప్పుడు, ఎవరికి వస్తుందో తెలియని చోట ఎంత ఎక్కువ మంది కలిస్తే అంత మేలు. అక్కడ ఈఎస్‌ఐ, గ్రూప్ పాలసీ, రాష్ట్ర ట్రస్టు సరైనవి. గ్రాట్యుటీ వేరు. ఎవరు ఏ నెలలో దిగుతారో ముందే తెలుసు. ఏడాదికి 15 రోజుల జీతం, ఐదేళ్లు నిండితే ఇవ్వాలి, మున్సిపాలిటీలకూ గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని 1998లో ఢిల్లీ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తెలిసిన ఖర్చుకు ఏటా కొంత వేరు ఖాతాలో వేస్తూ పోవచ్చు. ఏజెన్సీ టెండరులోనూ గ్రాట్యుటీ వాటా ఎవరిదో ఒక లైను రాయించండి. ఆ లైను లేక ఏళ్లకేళ్లు తిరిగినవాళ్లున్నారు.

వచ్చే కౌన్సిల్ మీటింగులో ఒక్కటి అడగండి. ఏజెన్సీ ప్రతి నెలా 15వ తేదీలోగా పీఎఫ్, ఈఎస్‌ఐ కట్టాలి. ఆ చలాన్, పేర్ల జాబితాతో సహా, 16న శానిటేషన్ సెక్షన్ నోటీసు బోర్డు మీద అతికించాలని తీర్మానం చేయండి. పొద్దున హాజరు వేయడానికి అందరూ ఆ బోర్డు దగ్గరికే వస్తారు.